పాట హక్కుల ఒప్పందంపై సంతకం చేసే ముందు

పాట రాసినవారికి సాహిత్యంపై, బాణీ కట్టినవారికి సంగీతంపై, పాడినవారికి తమ గానంపై, రికార్డింగు బాధ్యత వహించిన నిర్మాతకు ఆ శబ్దముద్రణపై 1957 నాటి కాపీరైట్ చట్టం వేర్వేరు హక్కులను ఇచ్చింది. అందువల్ల ఆడియో సంస్థ గాని, యూట్యూబ్ చానల్ గాని ఒప్పంద పత్రం పంపినప్పుడు, వీటిలో తనకు చెందినవి ఏవో కళాకారుడు ముందుగా తేల్చుకోవాలి. స్వరలిపి రాయకపోయినా బాణీ కట్టినవారే సంగీతకర్త అని చట్టంలోనే ఉంది కనుక, నొటేషన్ తెలియని జానపద కళాకారులు ఈ విషయంలో వెనుకాడనవసరం లేదు. తరతరాలుగా వస్తున్న పల్లెపాట ఏ ఒక్కరి సొత్తూ కాదు గాని, దానికి మీరు సొంతంగా అల్లి చేర్చిన చరణాలు మీవే.

నోటిమాటతో హక్కుల బదలాయింపు జరగదు. ఏ పాట, అందులో ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీకి ఇస్తున్నారో రాసి, ఇచ్చేవారు సంతకం చేయాలని 19వ సెక్షన్ చెబుతోంది. కాలం రాయకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. అయితే సంస్థలు తయారుచేసిన పత్రాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, రాబోయే అన్ని మాధ్యమాల్లో’ అన్న మాటలు తరచుగా ఉంటాయి; వాటి దగ్గరే ఆగి, గడువును తగ్గించమని అడగాలి. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమాన్ని అందులో ప్రత్యేకంగా పేర్కొనకపోతే ఆ బదలాయింపు దానికి వర్తించదు.

2012 సవరణ మరింత ముఖ్యమైనది. సినిమాతో సంబంధం లేని పాటను ఏ రూపంలో వాడుకున్నా, సినిమా పాటనైతే థియేటర్ ప్రదర్శనకు వెలుపల వాడుకున్నా, హక్కులు రాయించుకున్నవారితో సమాన ప్రాతిపదికన రచయితకు, సంగీతకర్తకు రాయల్టీ దక్కాలి. వారసులకు, రాయల్టీలు వసూలు చేసి సభ్యులకు పంచే కాపీరైట్ సొసైటీకి తప్ప దీనిని వదులుకుంటూ రాసిచ్చినా చెల్లదు. మొత్తం ఒకేసారి చెల్లించామని, ఇక రాయల్టీ ఉండదని చెప్పేవారి మాటను ఎంతమాత్రం నమ్మవద్దు.

న్యాయవాది వద్దకు సంతకానికి ముందే వెళ్లాలి. ముసాయిదా పత్రంతో పాటు బాణీ తొలి ఫోన్ రికార్డింగులు, వాట్సాప్ సందేశాలు, చెల్లింపు రసీదులు తీసుకువెళ్లండి. ఇదివరకే పాటల రచయితలు, సంగీతకర్తల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులైతే ఆ సంగతి తప్పక చెప్పండి. ఆ సొసైటీకి అప్పగించిన హక్కులనే మళ్లీ రాసిస్తే చిక్కులు వస్తాయి. ఫీజు భారమైతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉచిత న్యాయ సహాయాన్ని కల్పిస్తోంది.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, ఆ ధ్రువపత్రం కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. కాపీరైట్ ఉల్లంఘనపై మీరు నివసించే జిల్లా కోర్టులోనే దావా వేసే వీలు 62వ సెక్షన్ కల్పిస్తోంది కాబట్టి, వివాదాలన్నీ ముంబైలోనే తేల్చుకోవాలన్న షరతు కనిపిస్తే దానిని తొలగించమని రాతపూర్వకంగా కోరండి.