మొరాయిస్తున్న హార్డ్ డిస్క్ నుంచి డేటా తీయడం ఎలా?

హార్డ్ డిస్క్ తగిలించగానే కంప్యూటర్ బిగుసుకుపోతోందా? ఫోల్డర్ తెరిస్తే పైన పచ్చగీత సగం దాకా వెళ్లి ఆగిపోతోందా? ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడుగుతోందా? ఏదీ నొక్కకండి. కేబుల్ తీసి డిస్క్ పక్కన పెట్టండి. కంగారు తగ్గాక మిగతాది చదవండి.

నల్లగొండలో మా షాపుకు వచ్చే డిస్కుల్లో పెళ్లిళ్లు తీసే ఫోటో స్టూడియోలవే ఎక్కువ. తర్వాత రైస్ మిల్లుల ట్యాలీ లెక్కల డేటా, ఇళ్లలో దాచుకున్న పిల్లల ఫోటోలు. "అన్నా, ఏం ఎక్కువ చెయ్యలే. రెండు మూడు సాఫ్ట్‌వేర్లు ఏసి చూసిన, చెక్‌డిస్క్ కొట్టిన, గంతే" అని చేతిలో పెడతారు. డిస్క్ మొదట మొరాయించినప్పుడు పోయింది కొన్ని సెక్టర్లే (డేటాను దాచే చిన్న చిన్న గడులే) అయి ఉంటుంది. మిగతాదంతా పోయింది ఆ ప్రయత్నాల్లోనే. ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

పద్ధతి ఒక్కటే. చెడిపోతున్న డిస్క్ మీద రికవరీ చేయకూడదు. ముందు ఆ డిస్క్ మొత్తాన్ని, ఖాళీ జాగాతో సహా, సెక్టర్ వెంట సెక్టర్ చదివి ఇంకో డిస్క్‌లోకి ఒకే పెద్ద ఫైలుగా దించుకోవాలి. దాన్ని ఇమేజ్ అంటారు. పాత డిస్క్ పని అక్కడితో అయిపోతుంది. వెతకడం, బాగుచేయడం, ఫైళ్లు తీయడం అన్నీ ఆ ఇమేజ్ మీదే.

ముందు చెవి పెట్టి వినండి

డిస్కుకు కరెంటిచ్చి పది సెకన్లు వినండి. సన్నగా తిరుగుతున్న శబ్దం వస్తే ముందుకు వెళ్లవచ్చు. టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే, గీరుతున్నట్టు ఉంటే, లేదా బీప్ మంటూ అసలు తిరగకపోతే అది సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు. వెంటనే ఆపేయండి. లోపల డేటా చదివే హెడ్, గిర్రున తిరిగే పళ్లేనికి నానోమీటర్ల ఎత్తులో తేలుతూ తిరగాలి. అది దెబ్బతింటే, కరెంటిచ్చిన ప్రతిసారీ పళ్లెం మీది పూతను గీకేసే ప్రమాదం ఉంది. పూత పోతే అక్కడి డేటాను ఎవరూ తేలేరు. అలాంటి డిస్కును క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్‌కే పంపాలి. హైదరాబాద్ తీసుకెళ్తుంటే స్పాంజిలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకోండి. బండి డిక్కీలో పడేసి గుంతల రోడ్డు మీద తీసుకెళ్లకండి.

ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. వినొద్దు. బయటికి తీయగానే చల్లటి డిస్క్ లోపల తేమ పడుతుంది. మూత విప్పి చూడటం అంతకంటే ఘోరం. మన షాపుల్లో గాలిలో ఉండే దుమ్ము రేణువు ఆ హెడ్ తేలే ఎత్తు కంటే ఎన్నో రెట్లు పెద్దది. అలాంటిదే మరో డిస్క్ కొని కింది సర్క్యూట్ బోర్డు మార్చితే సరిపోతుందనేది కూడా పాత మాట. ఇప్పటి డిస్కుల్లో ఆ డిస్కుకే పరిమితమైన సర్దుబాట్లు బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌ను కూడా కొత్త బోర్డుకు మార్చాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

కావాల్సినవి

ఒక డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ వద్దు. డిస్కును నేరుగా మదర్‌బోర్డు సాటా పోర్టుకే తగిలించాలి. యూఎస్‌బీ డబ్బాల్లోని చిప్ చెడ్డ సెక్టర్ రాగానే తికమకపడి డిస్కునే వదిలేస్తుంది. కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులకు మాత్రం బోర్డు మీదే యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, లోపలి డేటా కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. వాటిని విప్పకుండా అలాగే వాడాలి.

డేటా దించుకోవడానికి కొత్త డిస్క్ కావాలి, పాతదానికి రెట్టింపు సైజులో. 1 టీబీ డిస్కుకు 2 టీబీ. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి ఇమేజ్ మొదట్లోనే ఆగిపోతుంది. యూపీఎస్ ఉండి తీరాలి. ఒక టేబుల్ ఫ్యాన్ కూడా. ఎండాకాలం మన దగ్గర బయటే 44, 45 డిగ్రీలుంటుంది. మామూలు హార్డ్ డిస్కుకు కంపెనీలు చెప్పే హద్దు 60 డిగ్రీలు. అందుకే ఈ పని రాత్రి మొదలుపెట్టాలి.

ఒక పెన్ డ్రైవ్‌లో రూఫస్‌తో సిస్టమ్‌రెస్క్యూ వేసుకోండి. విండోస్ లేకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్ ఇది. ఉచితం. ఇమేజ్ తీయడానికి, ఫైళ్లు వెతకడానికి మనకు కావాల్సిన డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ మూడూ అందులోనే ఉంటాయి. క్రాక్ చేసిన రికవరీ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. కస్టమర్ నమ్మి ఇచ్చిన డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో వైరస్ తెచ్చుకున్నట్టే.

డిస్కుల పేర్లు కనుక్కోవడం

కంప్యూటర్ ఆపి, రెండు డిస్కులూ తగిలించి, పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేయండి. విండోస్‌లోకి అసలు వెళ్లొద్దు. విండోస్ కొత్త డిస్క్ కనపడగానే దాన్ని మౌంట్ చేస్తుంది (అంటే ఫైళ్లు తెరవడానికి సిద్ధం చేస్తుంది), ఫైల్ సిస్టమ్‌ను (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను) సరిచేయాలని చూస్తుంది, మనం అడగని రాతలు రాస్తుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కమాండ్ ఇస్తే డిస్కుల జాబితా వస్తుంది: ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, పక్కన సైజులు. సైజు చూసి ఏది పాతదో ఏది కొత్తదో కాగితం మీద రాసుకోండి. కొత్తదాన్ని రెట్టింపు సైజులో తెమ్మన్నది ఇందుకు కూడా. రెండూ 1 టీబీ అయితే అర్ధరాత్రి నిద్రకళ్లతో తారుమారు చేసేస్తారు. తర్వాత కొత్త డిస్కును మాత్రమే మౌంట్ చేయండి. పాతదాన్ని మౌంట్ చేయొద్దు.

ఇమేజ్ తీయడం

పని చెడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

డీడీరెస్క్యూ ఎందుకంటే, అది చెడ్డ సెక్టర్ దగ్గర మొండిగా కూర్చోదు. మామూలు కాపీ చదవలేని చోట పదే పదే ప్రయత్నిస్తూ హెడ్‌ను అక్కడే తిప్పుతుంది. వరి కోత మిషన్ ముందు నిలబడిన చేనంతా కోసి, పడిపోయిన మళ్లను చివరికి ఉంచుకున్నట్టు, ఇది తేలిగ్గా చదవగలిగినదంతా ముందు దించుతుంది. కష్టమైన చోట్లను గుర్తుపెట్టుకుని దాటిపోతుంది. డిస్క్ మధ్యలో ఆగిపోయినా అప్పటికే ఎక్కువ భాగం మన చేతిలో ఉంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను నేరుగా చెడ్డ డిస్క్ మీద స్కాన్‌కు పెట్టినవాళ్లకు దక్కనిది ఇదే. ఆ స్కాన్ ఎనిమిది గంటలు నడిచి 62 శాతం దగ్గర డిస్క్ పోతే, చేతిలో ఒక్క ఫైలు కూడా ఉండదు. ఫైళ్ల పేర్ల జాబితా మాత్రం తెర మీద ఉంటుంది.

కమాండ్‌లో డీడీరెస్క్యూ అని రాశాక మూడు పేర్లు వరుసగా ఇవ్వాలి: ఎక్కడి నుంచి చదవాలి, ఏ ఇమేజ్ ఫైలులో రాయాలి, మ్యాప్ ఫైలు ఏది. మొదటిది పాత డిస్క్. ఈ వరుసను పైకి చదివి, కాగితంతో పోల్చుకుని అప్పుడు ఎంటర్ కొట్టండి. ఇమేజ్‌ను ఫైలుగానే రాయించండి, డిస్క్ నుంచి డిస్క్ మీదికి నేరుగా వద్దు. దీనికో పెద్ద లాభం ఉంది. డిస్క్ మీద నేరుగా రాయాలంటే డీడీరెస్క్యూ ఫోర్స్ ఆప్షన్ అడుగుతుంది. ఫైలుకు అడగదు. కాబట్టి ఫోర్స్ ఇవ్వమని తెర మీద కనిపించిందంటే పేర్లు తారుమారు అయ్యాయని అర్థం. అక్కడే ఆగండి. ఫోర్స్ ఇచ్చి ఎంటర్ కొడితే ఖాళీ డిస్కును తెచ్చి పెళ్లి ఫోటోల మీద రాసేస్తుంది. ఆ తర్వాత ఏ ల్యాబ్ కూడా ఏమీ చేయలేదు.

మ్యాప్ ఫైలు ఇవ్వకుండా ఎప్పుడూ మొదలుపెట్టొద్దు. ఎక్కడి దాకా చదివింది, ఎక్కడ దాటింది, ఏది చదవలేకపోయింది అన్నీ అందులోనే రాసి ఉంటాయి. కరెంటు పోయినా, కంట్రోల్ సీ కొట్టి మీరే ఆపినా, అదే కమాండ్ మళ్లీ ఇస్తే ఆగిన చోటి నుంచి సాగుతుంది. మ్యాప్ లేకపోతే మొదటి నుంచి మళ్లీ చదవాల్సిందే, ఆ రెండో చదువును డిస్క్ తట్టుకోకపోవచ్చు. తెలిసినవాళ్లు కూడా ఇంకొక చోట దెబ్బతింటారు. మ్యాప్ ఫైలును పెన్ డ్రైవ్ నుంచి బూట్ అయిన సిస్టమ్‌లోనే ఏదో ఫోల్డర్‌లో ఉంచుతారు. ఆ ఫోల్డర్ ఉండేది ర్యామ్‌లో. రీస్టార్ట్ చేస్తే మ్యాప్ మాయం. దాన్ని కొత్త డిస్క్ మీద, ఇమేజ్ పక్కనే పెట్టండి.

మొదటి విడతలో హైఫన్ ఎన్ అనే ఆప్షన్ ఇవ్వండి, చిన్న ఎన్. చెడ్డ చోట్లను సెక్టర్ సెక్టర్ గోకే పనిని ఇది పక్కన పెడుతుంది. బాగున్న డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే 1 టీబీకి మూడు గంటల లోపే. చెడ్డ డిస్కుకు ఒక రాత్రి పట్టవచ్చు, రెండు రోజులూ పట్టవచ్చు. తొందరపడొద్దు. కస్టమర్ ఫోన్ చేస్తుంటే టెన్షన్ పడి ఆపేసి మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. డిస్కును బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి, ఫ్యాన్ వేసి వదిలేయండి. నడుస్తున్న డిస్కును చేత్తో ఎత్తి వేడి చూడకండి.

తెర మీద రెండు అంకెలు చూస్తూ ఉండండి. ఒకటి ఎంత శాతం దక్కింది. రెండోది చివరిసారి సరిగా చదివి ఎంతసేపయింది. రెండోది నిమిషాల తరబడి పెరుగుతూ, చెడ్డ భాగం లెక్క ఒక్కసారిగా ఎగబాకుతూ, డిస్క్ నుంచి శబ్దం లేకపోతే, చదవలేకపోతోందని కాదు, డిస్కే కంప్యూటర్‌కు కనపడకుండా పోయిందని. వెంటనే కంట్రోల్ సీ కొట్టండి. కంప్యూటర్ ఆపి, అరగంట చల్లారనిచ్చి, మళ్లీ బూట్ చేయండి. ఇక్కడ తప్పనిసరిగా ఎల్‌ఎస్‌బీఎల్‌కే మళ్లీ చూడాలి. నిన్న ఎస్‌డీబీ అయినది ఇవాళ ఎస్‌డీసీ అయి ఉండవచ్చు. పాత కమాండ్‌ను చూడకుండా కొడితే ఇంకో డిస్క్ డేటాను తెచ్చి అదే ఇమేజ్‌లో కలిపేస్తుంది. డిస్క్ మాయమైనప్పుడు తప్పుగా గుర్తుపెట్టుకున్న చోట్లను మళ్లీ కొత్తగా చూడాలంటే పెద్ద ఏ ఆప్షన్ ఇవ్వండి. మొదట్లోనే పదే పదే ఇరుక్కుంటుంటే పెద్ద ఆర్ ఇచ్చి చివరి నుంచి వెనక్కి చదివించండి. చాలాసార్లు దారి దొరుకుతుంది.

మొదటి విడత ముగిశాక 99 శాతం దాటితే సంతోషించండి. అప్పుడు ఎన్ తీసేసి, చిన్న డీ (డిస్కును నేరుగా చదివించేది), చిన్న ఆర్ పక్కన 3 ఇచ్చి రెండో విడత నడపండి. మిగిలిన చోట్లను ఒక్కో సెక్టర్‌గా చదివి, రానివాటిని మూడుసార్లు మళ్లీ అడుగుతుంది. మూడు చాలు. పది, ఇరవై ఇచ్చేవాళ్లను చూశాను. అది డిస్కును చంపడమే.

చెక్‌డిస్క్ గురించి ఒక మాట. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే పనిముట్టు, డేటాను కాపాడేది కాదు. చదవలేని చోట ఫోల్డర్ ఆనవాళ్లు దెబ్బతిని ఉంటే, వాటిని తెంచేసి ఫైళ్లను ముక్కలుగా ఫౌండ్ ఫోల్డర్లలోకి విసురుతుంది. పైగా చెడ్డ డిస్క్ మీదే రాస్తుంది. కొట్టాలనుకుంటే ఇమేజ్ నకలు మీద కొట్టుకోండి.

ఫైళ్లు బయటికి తీయడం

ఇది తేలిక. పాత డిస్కును తీసి కవర్లో పెట్టేయండి. టెస్ట్‌డిస్క్‌కు ఇమేజ్ ఫైలు ఇస్తే లోపలి ఫోల్డర్లు పేర్లతో సహా చూపిస్తుంది, కావాల్సినవి ఇంకో చోటికి కాపీ చేసుకోవచ్చు. అలా రాకపోతేనే ఫోటోరెక్. అది ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి వెతుకుతుంది కాబట్టి ఫోటోలు వస్తాయి, కానీ పేర్లూ ఫోల్డర్లూ పోతాయి. ముక్కలుగా పడి ఉన్న పెద్ద వీడియోలు సరిగా రావు. ముందే ఫోటోరెక్ నడిపేసి, పేర్లు లేని వేల ఫోటోలను కస్టమర్‌కు అంటగట్టడం అన్యాయం. స్టూడియోవాళ్లు ఏది ఏ పెళ్లిదో వెతుక్కోలేక ఏడుస్తారు.

ఎస్‌ఎస్‌డీ అయితే ఇమేజ్ పద్ధతి ఇదే. డిలీట్ చేసిన ఫైళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ అయిన జాగాను ఎస్‌ఎస్‌డీ తానే తుడిచేస్తుంది.

ఇచ్చే ముందు చూడాల్సినవి

ఫైలు సైజు సరిగా ఉందంటే లోపల బాగుందని కాదు. చదవలేని సెక్టర్ల చోట ఇమేజ్‌లో సున్నాలే ఉంటాయి. ఫోటోలను పెద్దగా తెరిచి కింది అంచు దాకా చూడండి, సగం కింద బూడిద రంగు పట్టీ ఉంటే ఆ ఫైలు దెబ్బతిన్నట్టే. వీడియోను మధ్యలో, చివర్లో కూడా నడిపి చూడండి. ట్యాలీ డేటా అయితే కంపెనీ తెరిచి చివరి నెల వోచర్లు, లెడ్జర్ నిల్వలు మిల్లు గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి. దెబ్బతిన్న ఫైళ్ల జాబితా రాసి ఇవ్వండి.

ఇమేజ్‌నూ మ్యాప్ ఫైలునూ ఒక నెల దాచండి. నెల లోపు ఎవరో ఒకరు "అన్నా, ఇంకో ఫోల్డర్ ఉండె గదా" అని వస్తారు. ఆ తర్వాత వాళ్లకు చెప్పి చెరిపేయండి. పాత డిస్క్ ఫార్మాట్ చేశాక బాగానే నడుస్తున్నట్టు కనిపించినా సీసీటీవీ డబ్బాలో కూడా పెట్టొద్దు.