తికమక జంటలు – 5వ పాఠం: ప్రదానమా, ప్రధానమా?

పోయినసారి అర్థం, అర్ధం చూశాం. పొట్టలో చుక్క ఉంటే భావం, లేకపోతే సగం. అర్ధరాత్రి ఆకాశంలో ఎన్ని చుక్కలున్నా అక్షరంలో మాత్రం ఉండకూడదు, అది గుర్తుంటే చాలు.

ఈసారి జంట నా పరువు తీసింది. సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టుకుంటే ఫ్లెక్సీకి మ్యాటర్ నేనే రాసిచ్చాను, అదీ గొప్పగా, ‘బహుమతి ప్రధానోత్సవం’ అని. గేటుకి కట్టాక కింది ఫ్లాట్ మాస్టారు చూసి, “ఏమ్మా, బహుమతికి ప్రధానమంత్రి పదవి ఇస్తున్నారా?” అన్నారు. మళ్లీ ప్రింట్ వేయించే టైమ్ లేదు. పసుపు స్టిక్కర్ గోరంత ముక్క కత్తిరించి, ‘ధా’ కింద గీత మీద అంటించాం. దూరం నుంచి ‘దా’నే, దగ్గరికొస్తే అతుకు తెలిసిపోతుంది.

మాట్లాడేటప్పుడు చాలామందిమి ఆ ఒత్తు మింగేస్తాం కాబట్టి చెవిని నమ్ముకుంటే లాభం లేదు, పదం లోపలికి చూడాలి. ప్రదానంలో ఉన్నది ‘దా’ అనే సంస్కృత ధాతువు, అంటే ఇవ్వడం. దానం, దాత, ప్రదాత అన్నీ దాని పిల్లలే. ఒక తరం ఇంకో తరం చేతికిచ్చే సంప్రదాయం కూడా (దాన్ని ‘సాంప్రదాయం’ అని సాగదీసేవాళ్ల సంగతి ఇంకో పాఠంలో చూస్తా). ప్రధానంలో ఉన్నది ‘ధా’, అంటే పెట్టడం, ఉంచడం. విధానం, నిధి, సమాధానం అటువైపు చుట్టాలు. ముందు పెట్టింది కాబట్టి ముఖ్యమైంది అయింది.

డౌటొస్తే ఆ చోట ‘ఇవ్వడం’ పెట్టి చదవండి. పురస్కార ప్రదానం అంటే పురస్కారం ఇవ్వడం, కుదిరింది, ఒత్తు వద్దు. ప్రధాన రహదారిలో ఇవ్వడం కుదరదు, ‘ముఖ్యమైన’ కుదురుతుంది, ఒత్తు పెట్టండి.

ఒక్క చోట మాత్రం ఈ కిటుకు చేతులెత్తేస్తుంది. పెళ్లికి ముందు ఉంగరాలు మార్చుకునే ప్రధానం వాడుకలో ఒత్తుతోనే స్థిరపడిపోయింది. అక్కడ వాదించకుండా భోజనం చేసి రండి.

హోంవర్క్ ఒక్కటే. సింహాచలం కొండ వారన మాధవధార ఉంది కదా, నీటి ధార ఉన్న చోటు. బోర్డు రాసినాయన చివరి ‘ధ’ కింద గీత మర్చిపోయాడనుకోండి, అప్పుడు ఆ ఊరు ఎవరవుతుంది? సంస్కృతంలో ‘దార’ అంటే భార్య, ఇంతకు మించి చెప్పను. జవాబు 6వ పాఠంలో.