హైదరాబాద్‌లో డెలివరీ, ఏజెన్సీ పనికి కొత్తగా వచ్చినవారికి: అడగాల్సింది అడగాలంటే

ఊరి నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో దిగి, వారం తిరక్కుండానే డెలివరీ ఐడీ తీసుకునేవాళ్లకు, ఏజెన్సీ ద్వారా సెక్యూరిటీలోనో హౌస్‌కీపింగ్‌లోనో చేరేవాళ్లకు ఈ మాటలు. డబ్బులు కోత పడ్డప్పుడు అడగలేకపోతే మీరు పిరికివాళ్లని అనుకోకండి. నోరు నొక్కే పరిస్థితులు వేరే ఉంటాయి.

డెలివరీలో పెద్ద టెన్షన్ ఐడీ బ్లాక్. ఎవరు చేశారో తెలియదు, సపోర్ట్ చాట్‌లో అదే జవాబు మళ్లీ మళ్లీ వస్తుంది. దానికి తోడు బండి ఈఎంఐ ఉంటే ఎవరైనా వెనకాడతారు. కొండాపూర్ వైపు డెలివరీ స్టోర్ల ముందు చూడండి. బండ్ల మీద కూర్చున్న కుర్రాళ్లంతా రేటు తగ్గించారనే మాట్లాడుకుంటుంటారు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్కరూ రాయరు, ఎందుకంటే టీఎల్ (టీమ్ లీడర్) అందులోనే ఉంటాడు. టీఎల్ లేని గ్రూపు ఉందేమో కనుక్కోండి, లేకపోతే మీరే పెట్టండి. ఒక్కడు అడిగితే గొడవ మనిషంటారు. పదిమంది కలిసి అడిగితే అలా కొట్టిపారేయడం కష్టం.

ఏజెన్సీలో చిక్కు ఇంకోలా ఉంటుంది. జీతం రాలేదంటే సూపర్‌వైజర్ "మీ ఏజెన్సీని అడుగు" అంటాడు. ఏజెన్సీవాళ్లు "కంపెనీ బిల్లు పాస్ చేయలేదు" అంటారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, దయచేసి ఆగొద్దు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్ట్ కార్మికుల చట్టంలోనే ఉంది, కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఆ బాధ్యత అలాగే ఉంది. కానీ మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెన్సీ బీరువాలో ఉంటే ఇది తెలిసినా నోరు పెగలదు. అందుకే ఎంత బతిమాలినా జిరాక్స్‌లే ఇవ్వండి.

పీఎఫ్ కోస్తున్నారు సరే, ఖాతాలో పడుతోందా? ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూసుకోండి. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) నంబర్ కూడా అడగండి. రైడర్లు అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి, దానికి ఫీజు లేదు. రోజువారీ సంపాదన స్క్రీన్‌షాట్లు అదే రోజు దాచుకోండి. ఐడీ బ్లాకయ్యాక యాప్ తెరుచుకోకపోవచ్చు.

ఒంటరిగా వెళ్లలేమనుకుంటే, యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్లకు తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఉంది. కార్మిక శాఖకు వెళ్లాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది. ఫిర్యాదు రాసి ఇవ్వండి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకునే బయటికి రండి.