డర్ట్ బైక్ లెక్కలు – 4వ పాఠం: టాప్ స్పీడ్ ఎక్కడ ఆగుతుంది?

ముందు, వెనక స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) పళ్లు లెక్కపెట్టి రాసుకోమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ రెండు అంకెలూ దగ్గర పెట్టుకోండి.

450 సీసీ మోటోక్రాస్ (మట్టి ట్రాక్ పందేల) బండికి యాభై గుర్రాల పైనే బలం ఉంటుంది. అంతే బలమున్న రోడ్డు బండి గంటకు 180 కిలోమీటర్లు దాటుతుంటే ఇది 140 దగ్గర్లోనే నిలిచిపోతుంది. లోపమేమీ లేదు. మలుపులోంచి బయటపడగానే ఎగదన్నాలి కాబట్టి గేరింగ్‌ని (చక్రం ఒక చుట్టుకి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ నిష్పత్తిని) కావాలనే అలా పెట్టారు.

హోండా సీఆర్‌ఎఫ్450ఆర్ తీసుకుందాం. ముందు 13 పళ్లు, వెనక 49. 49ని 13తో భాగిస్తే 3.77. ఇంజిన్ లోపలి ప్రైమరీ (ఇంజిన్ నుంచి క్లచ్‌కి), టాప్ గేర్ నిష్పత్తుల లబ్ధం 2.5 అనీ, ఇంజిన్ 11,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరుగుతుందనీ లెక్క కోసం అనుకుందాం (మీ బండి అంకెలు మాన్యువల్‌లో ఉంటాయి). 3.77ను 2.5తో గుణిస్తే సుమారు 9.42. 11,000ను దానితో భాగిస్తే వెనక చక్రం నిమిషానికి 1,167 చుట్లు. 120/80-19 టైరు చుట్టుకొలత దాదాపు 2.12 మీటర్లు. గుణించి గంటలోకి మారిస్తే 148 కిలోమీటర్లు.

ఇప్పుడు ముందు 14 పళ్లు వేయండి. అదే లెక్క 160 చూపిస్తుంది. కాగితం మీద 12 పెరిగింది, ఇంజిన్ బలం మాత్రం ఒక్క గుర్రం కూడా పెరగలేదు. గాలిని చీల్చడానికి కావలసిన బలం వేగం ఘనంతో పెరుగుతుంది. 148 నుంచి 160కి వెళ్లాలంటే గాలికే పాతిక శాతం ఎక్కువ బలం కావాలి. పైగా ఎత్తైన హ్యాండిల్ పట్టుకుని నిటారుగా కూర్చున్న మనిషే పెద్ద అడ్డం. ఇసుకలో అయితే చక్రాలు కూరుకుపోయి అంతకుముందే బలం చాలదు.

మీ బండిని ఏది ఆపుతోందో తెలుసుకునే పద్ధతి తేలికే. ఖాళీగా ఉన్న పొడవాటి ట్రాక్ మీద టాప్ గేర్‌లో ఫుల్ రేజ్ ఇవ్వండి. రెవ్ లిమిటర్ (ఇంజిన్ మితిమీరి తిరగకుండా ఆపే ఏర్పాటు) తగిలి ఇంజిన్ టకటకమంటే ఆపింది గేరింగ్. లిమిటర్ దాకా రాకుండానే ఆర్‌పీఎం నిలిచిపోతే ఆపింది గాలి, నేల. ఈ రెండో సందర్భంలో ముందు స్ప్రాకెట్ పెద్దది వేస్తే వేగం తగ్గినా తగ్గొచ్చు.

టైరు పక్కనున్న అక్షరం కూడా చూడండి. 63ఎమ్ అని ఉంటే ఆ ఎమ్‌కి అర్థం గంటకు 130 కిలోమీటర్లు. పై లెక్కల్లో రెండు వేగాలూ దాన్ని దాటేశాయి.

నా మాటడిగితే, మోటోక్రాస్ ట్రాక్‌కి ముందు స్ప్రాకెట్ జోలికి పోవద్దు. అక్కడ ఒక పన్ను పెంచడం వెనక మూడున్నర పళ్లు తగ్గించినట్టు. పికప్ పోతుంది, మలుపు మలుపుకీ క్లచ్ నొక్కాల్సి వస్తుంది. 12కి దిగితే చైన్ మరీ గట్టిగా వంగి త్వరగా అరుగుతుంది. మార్పు కావాలంటే వెనక ఒక్కో పన్ను మార్చి చూడండి.

ఈ వారం పని: టైరు మీద సుద్దగీత గీసి, మనిషిని కూర్చోబెట్టి, బండిని సరిగ్గా ఒక చుట్టు తోయండి. ఆ దూరాన్ని టేపుతో కొలిచి, నా 2.12 బదులు ఆ అంకె వేసి లెక్క మళ్లీ చేయండి. గుబ్బలు అరిగిన టైరుకి తక్కువే వస్తుంది.

5వ పాఠంలో: స్ప్రాకెట్ మార్చాక చైన్ వదులు ఎంత ఉండాలి.