తడిసిన బూట్లకు పాత పేపర్

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ కుంటాల జలపాతానికి వెళ్లాం. ఇప్పుడు 400 పైచిలుకు మెట్లున్నాయి కాబట్టి దిగడం తేలికే, ఎక్కేటప్పుడు మాట వేరు! కింద తుంపరకు బూట్లు తడిస్తే మాత్రం రెండు రోజులు ఆరవు, పైగా వాసన.

ఈసారి సంచిలో పాత పేపర్లు, చెప్పులు పెట్టుకున్నాం. పైకి రాగానే చెప్పులు వేసుకుని, బూట్ల లోపలి అట్టలు తీసేసి, ఒక్కోదాంట్లో రెండేసి పేపర్లు నలిపి ముని వేళ్ల దాకా కుక్కాం. నేరడిగొండ చేరేసరికి పేపర్ మెత్తగా అయిపోయింది. అది తీసేసి పొడిది పెట్టాం. ఇంటికొచ్చాక మరోసారి మార్చి ఫ్యాన్ కింద ఉంచితే తెల్లారేసరికి వేసుకునేలా ఆరాయి.

తెల్ల కాన్వాస్ బూట్లకు మాత్రం వద్దు, సిరా అంటుతుంది. వాటికి టిష్యూ పేపరే.