చీటీ కట్టే ముందు నమ్మకాన్ని తూచుకోవడం ఎలా

గాజువాకలోనో మర్రిపాలెంలోనో పొరుగింటివారు చీటీ మొదలుపెడుతున్నామని చెప్పినప్పుడు మనం ముందుగా చూసేది లెక్కల పుస్తకాన్ని కాదు, మనిషి ముఖాన్ని. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొత్త ముఖాన్ని సెకనులో పదో వంతు సేపు చూసినవారు కూడా అది నమ్మదగినదో కాదో తేల్చేసుకున్నారు; సమయం పెంచితే వారి తీర్పు పెద్దగా మారలేదు, దానిపై ధీమా మాత్రం పెరిగింది. కాబట్టి మాట విన్న రోజునే డబ్బు కట్టకండి.

ఆ తర్వాత నమ్మకాన్ని విడదీసి చూడండి. మేయర్, డేవిస్, షూర్‌మన్ అనే పండితులు 1995లో దానిని సామర్థ్యం, మన మేలు కోరే గుణం, నియమనిష్ఠ అని మూడుగా విభజించారు. మనం తరచుగా రెండోదాన్ని చూసి మొదటిది కూడా ఉందనుకుంటాం. కష్టకాలంలో ఆసుపత్రికి తోడొచ్చిన పిన్నిగారు ఇరవై మంది దగ్గర వాయిదాలు సకాలంలో వసూలు చేయగలరని ఎక్కడా లేదు. అందువల్ల వారు నడిపిన పాత చీటీలో ఆఖరి నెల వరకు చీటీ పాట పాడకుండా ఆగినవారిని వెతికి, సొమ్ము ఏ తేదీన అందిందో, ఆలస్యమైతే ముందుగా చెప్పారో లేదో అడగండి.

అన్నిటికన్నా కష్టమైనది మొహమాటం. అనుమానిస్తే ఎదుటివారి వ్యక్తిత్వాన్ని అవమానించినట్లవుతుందని భావించి, లోపల నమ్మకం లేకున్నా చాలామంది డబ్బు ఇచ్చేస్తారు. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం చీటీ మొదలుపెట్టడానికి ప్రభుత్వ ముందస్తు మంజూరును, నమోదును కోరుతుంది కాబట్టి, “మా ఇంట్లో ఆ కాగితం చూడనిదే ఒప్పుకోరండీ” అని నెపాన్ని ఇంటివారిపై వేసి అడగండి.