టీవీ చర్చ చూడటం నేర్చుకుందాం – మూడో పాఠం: మళ్లీ అడిగారా, వదిలేశారా?

పోయిన పాఠంలో ఎవరెంతసేపు మాట్లాడారో లెక్కేయమన్నాను కదా. 2024 సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా అధ్యక్ష అభ్యర్థులు హారిస్, ట్రంప్‌ల చర్చను తీసుకున్నవాళ్లకి తమాషా లెక్క తేలి ఉంటుంది. మోడరేటర్లు, అంటే ప్రశ్నలడిగి చర్చ నడిపినవాళ్లు, అన్యాయం చేశారని గోల పెట్టింది ట్రంప్ వైపువాళ్లు. ఎక్కువసేపు మాట్లాడింది మాత్రం ట్రంపే, హారిస్‌కన్నా సుమారు 5 నిమిషాలు ఎక్కువ. కాబట్టి గడియారం పక్కన పెట్టి ఇంకోటి చూద్దాం.

ఆ చర్చ మన చెన్నై టైములో బుధవారం పొద్దున ఆరున్నరకి వచ్చింది. టీనగర్‌లో మా మావయ్యా నేనూ కాఫీ తాగుతూ చూశాం. కాసేపటికి మావయ్య, "ఏమిట్రా, ఈ నడువర్లు తీర్పు ఎప్పుడు చెప్తారు?" అన్నాడు. నడువర్ అంటే తమిళంలో వాదాలు విని తీర్పు చెప్పే పెద్ద. ఏళ్ల తరబడి పండగలకి టీవీలో పట్టిమన్రం, అంటే తమిళ వాదపోటీ, చూసిన అలవాటు మరి. అక్కడ నడువర్ సాలమన్ పాప్పయ్యగారు రెండు పక్షాలనీ మాట్లాడించి, నవ్వించి, చివర్లో తీర్పు ఇస్తారు. ఎన్నికల చర్చలో మోడరేటర్‌కి ఆ పని లేదు. ప్రశ్న అడగడం, జవాబు రాకపోతే మళ్లీ అడగడం, అంతే. మొదటి ప్రశ్నలు ముందే రాసుకొస్తారు కాబట్టి కాగితం మీద సమానంగానే కనిపిస్తాయి. మళ్లీ అడగాలా వద్దా అన్నది మాత్రం అప్పటికప్పుడు తేల్చుకోవాలి. మొగ్గు ఉంటే అక్కడే బయటపడుతుంది.

నోట్సులో పేజీ మధ్య గీత గీసి, ఒక్కొక్కరికి ఒక్కో వైపు ఇవ్వండి. సూటి జవాబుకి "సూ", దాటేస్తే "దా", మోడరేటర్ మళ్లీ అడిగితే పక్కనే "మ".

ఆ చర్చలో మొదటి ప్రశ్నే చూడండి. నాలుగేళ్ల కిందటికన్నా జనం ఆర్థికంగా బాగున్నారా అని మోడరేటర్ డేవిడ్ మ్యూర్ హారిస్‌ని అడిగారు. ఆవిడ మధ్యతరగతి ఇంట్లో పెరిగానని మొదలుపెట్టి తన పథకాల్లోకి వెళ్లిపోయారు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మ్యూర్ మళ్లీ అడగలేదు. హారిస్ వైపు "దా", పక్కన ఖాళీ.

గర్భస్రావాలపై దేశమంతటా నిషేధం పెట్టే బిల్లు వస్తే వీటో చేస్తారా అని రెండో మోడరేటర్ లిన్సీ డేవిస్ ట్రంప్‌ని అడిగారు. ఆ అవసరమే రాదన్నారాయన. అవునో కాదో చెప్పండని ఆవిడ మళ్లీ అడిగారు. ఉక్రెయిన్ గెలవాలని కోరుకుంటున్నారా అంటే, యుద్ధం ఆగాలన్నారు. మ్యూర్ మళ్లీ అడిగారు. ట్రంప్ వైపు "దా మ", "దా మ".

ఈ మూడే చూస్తే ఫిర్యాదులో పస ఉందనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ తన వంతు అయిపోయాక కూడా ట్రంప్ అందుకుని మాట్లాడితే చాలాసార్లు మాట్లాడనిచ్చారు. అదీ రాసుకోవాలి. మూడు గుర్తులతో తేల్చేయకుండా గంటన్నరా చూడమనేది అందుకే.

అభ్యర్థి తప్పుని మాత్రం మోడరేటర్ ఖాతాలో వేయకండి. ట్రంప్ సభల్లోంచి జనం విసుగెత్తి మధ్యలోనే లేచిపోతారని హారిస్ అన్నారు. వెంటనే మ్యూర్ ట్రంప్‌ని అడిగింది సరిహద్దు బిల్లు గురించి. ఆయన ముందు సభల సంగతి చెప్తానన్నారు, అక్కణ్నుంచి ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్లు పెంపుడు కుక్కల్ని తింటున్నారన్న ఆధారం లేని మాట దాకా పోయారు. మన అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి చేసే పనే హారిస్ చేశారు. అవధాని అయితే ఒక చమత్కారం విసిరి మళ్లీ పద్యం అందుకుంటాడు. ఈయన పద్యం వదిలేసి పృచ్ఛకుడి వెంట పోయారు.

మళ్లీ అడగడమంటే దాడి అనుకోకండి. 1976 అక్టోబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎన్నికల చర్చలో, తూర్పు ఐరోపాపై సోవియట్ ఆధిపత్యం లేదన్నారు అప్పటి అమెరికా ప్రెసిడెంట్ ఫోర్డ్. ఆ ఆధిపత్యం అందరికీ తెలిసిందే. ప్రశ్న వేసిన విలేఖరి మాక్స్ ఫ్రాంకెల్‌కి నమ్మబుద్ధి కాలేదు. నేను విన్నది నిజమేనా అన్నట్టు మళ్లీ అడిగారు. సర్దుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఎవరిస్తారు? ఫోర్డ్ యుగోస్లావియా, రుమేనియా, పోలండ్ అంటూ ఒక్కో పేరూ చెప్పి ఆ మాటకే కట్టుబడ్డారు. అలాంటి "మ" చుట్టూ సున్నా చుట్టండి. మళ్లీ అడిగిందీ, అభ్యర్థికి దారి ఇచ్చిందీ ఆ ఒక్క ప్రశ్నే.

ఇంటిపని: 2024 అక్టోబరు 1న ఉపాధ్యక్ష అభ్యర్థులు వాన్స్, వాల్జ్‌ల మధ్య జరిగిన చర్చ మొదటి అరగంట. ఇంట్లో ఇంకొకరితో కలిసి చూడండి, వీలైతే మీకు పడని పార్టీ మనిషితో. ఎవరి పేజీ వాళ్లు రాసుకోండి, అయ్యేదాకా పక్కవాళ్ల పేజీలోకి తొంగిచూడొద్దు. మా ఇంట్లో నాకు "సూ" అనిపించిన రెండు చోట్ల మావయ్య "దా" రాశాడు. ఆ రెండు చోట్లా వీడియో వెనక్కి తిప్పాం.